గుండె వైఫల్యం వచ్చిన ముసలి కుక్కను ఇంట్లో చూసుకోవడం: సమగ్ర మార్గదర్శి

తెలుగు ఇళ్లలో ఎన్నో ఏళ్లుగా పెరుగుతున్న స్పిట్జ్, పమేరియన్, డాక్స్‌హండ్ వంటి చిన్న జాతుల కుక్కలకు వయసు మీదపడ్డాక వచ్చే గుండె జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది మైట్రల్ కవాటం పాడవడం. ఈ మార్గదర్శి ప్రధానంగా ఆ జబ్బు ముదిరి, ఊపిరితిత్తుల్లో నీరు చేరే దశకు వచ్చిన కుక్కల గురించి. డాబర్‌మన్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతులలో గుండె కండరమే సాగి బలహీనపడే జబ్బు ఎక్కువ. దాని చికిత్సలో కొన్ని తేడాలున్నా, ఇంట్లో చేయవలసిన పనులు దాదాపు ఇవే. ఈ జబ్బును మందులతో అదుపులో పెట్టగలమే కానీ నయం చేయలేము. చెడిపోయిన కవాటాన్ని శస్త్రచికిత్సతో బాగుచేసే వైద్యులు జపాన్ వంటి కొద్ది దేశాల్లో ఉన్నారు కానీ, మనలో చాలామందికి అది అందే దారి కాదు. అందువల్ల కుక్క ఇక ఎంత హాయిగా బతుకుతుందన్నది చాలావరకు ఇంట్లో రోజూ జరిగే పనుల మీద, అందులోనూ రాత్రిపూట దాని ఊపిరిని గమనించే అలవాటు మీద ఆధారపడి ఉంటుంది.

మొదటి పని: వచ్చినది గుండె వైఫల్యమేనని నిర్ధారించుకోవడం

గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం మందమై, సరిగ్గా మూసుకోకపోవడంతో, గుండె కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి పై గదిలోకి పోతుంది. స్టెతస్కోపుతో వింటే అది గరగరమనే శబ్దంగా వినబడుతుంది. దీన్నే డాక్టర్లు మర్మర్ అంటారు. ఏళ్ల తరబడి ఈ శబ్దం తప్ప మరే లక్షణమూ ఉండకపోవచ్చు. కాలం గడిచేకొద్దీ పై గది ఉబ్బి, అందులోని ఒత్తిడి వెనుకనున్న ఊపిరితిత్తుల రక్తనాళాల మీద పడి, ఒకనాటికి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరడం మొదలవుతుంది. గుండె వైఫల్యమని పిలిచేది ఈ ఆఖరి పరిణామాన్నే. మర్మర్ ఉన్న ప్రతి కుక్కకూ గుండె వైఫల్యం వచ్చినట్టు కాదు.

పశువైద్యులు ఈ ప్రయాణాన్ని ఏ, బీ1, బీ2, సీ, డీ అనే దశలుగా విభజిస్తారు. జబ్బు ఇంకా రాకున్నా వచ్చే అవకాశం ఎక్కువున్న జాతి కుక్క అయితే ఏ. శబ్దం ఉండి గుండె పరిమాణం పెద్దగా మారకపోతే బీ1. ఆ దశలో మందులు అవసరం లేదు, ఏడాదికొకసారి పరీక్ష చాలు. లక్షణాలు లేకున్నా గుండె స్పష్టంగా పెరిగితే బీ2. ఈ దశలోనే పిమోబెండాన్ అనే మందు మొదలుపెడితే గుండె వైఫల్యం సగటున పదిహేను నెలలు వెనక్కి జరుగుతుందని 2016లో వెలువడిన ఎపిక్ అధ్యయనం చూపింది. ఊపిరితిత్తుల్లో నీరు ఒక్కసారైనా చేరితే సీ. మామూలు మోతాదులకు లొంగకపోతే డీ.

ఈ దశలు తేల్చడానికి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి, గుండె స్కాను, అంటే ఎకో, దొరికితే మరీ మంచిది. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం దగ్గు. బొచ్చు కుక్క దగ్గగానే గుండె జబ్బని ఇంటివారే తీర్మానించుకుని, నీరు తీసే మాత్ర మొదలుపెట్టడం తరచూ జరిగే పొరపాటు. పమేరియన్ వంటి జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి అణగిపోయే జబ్బు సాధారణం, దానికీ ముసలితనంలో పొడి దగ్గు వస్తుంది. ఉబ్బిన గుండె శ్వాసనాళం కొమ్మను నొక్కినా దగ్గు వస్తుంది, అప్పటికి ఊపిరితిత్తుల్లో నీటిచుక్క లేకపోవచ్చు. ఈ రెండు రకాల దగ్గునూ గుండె వైఫల్యాన్నీ విడదీసి చెప్పాలంటే ఎక్స్‌రే కావాలి. పెద్ద జబ్బని అనుమానం వచ్చినప్పుడు తిరుపతి, గన్నవరం, హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు గాని, సరిహద్దు జిల్లాల వారైతే చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాలకు గాని ఒకసారి తీసుకువెళ్లి, అక్కడి నివేదికతో స్థానిక డాక్టరు దగ్గర చికిత్స కొనసాగించడం వృథా శ్రమ కాదు.

రక్తపరీక్ష కూడా ఇదే సమయంలో చేయించాలి. మూత్రపిండాల స్థితి, సోడియం, పొటాషియం మొదట్లో ఎలా ఉన్నాయో తెలియకపోతే, మందులు మొదలయ్యాక వచ్చే మార్పును పోల్చి చూడడానికి ఆధారం ఉండదు. మన ప్రాంతంలో పిడుదుల ద్వారా వచ్చే జ్వరాలు ఎక్కువ కనుక రక్తం తగ్గిందేమో కూడా చూడమని అడగండి. రక్తహీనత ఉన్న కుక్క గుండె రెట్టింపు శ్రమ పడుతుంది, దాన్ని సరిచేస్తేనే కొన్ని కుక్కలు తేరుకుంటాయి. అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్ వంటి దక్షిణ రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువారు హార్ట్‌వార్మ్ పరీక్షను విడిచిపెట్టకూడదు. అక్కడ దోమ కాటుతో వచ్చే ఆ పురుగు గుండెలోనూ ఊపిరితిత్తుల నాళాల్లోనూ చేరి ఇవే లక్షణాలు చూపిస్తుంది.

రెండో పని: నిద్రలో ఊపిరిని లెక్కపెట్టడం

ఈ మార్గదర్శిలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే అది ఇదే కావాలి. ఊపిరితిత్తుల్లో నీరు మళ్లీ ఊరడం మొదలైనప్పుడు, దగ్గు పెరగకముందే, తిండి మానకముందే, నిద్రలో తీసే శ్వాసల సంఖ్య పెరుగుతుంది. యంత్రాలేవీ అక్కరలేని ఈ లెక్క చాలాసార్లు ఒకటి రెండు రోజుల ముందే హెచ్చరిస్తుంది. ఆ వ్యవధిలో మందు మోతాదు మారిస్తే సరిపోయే ఇబ్బంది, గమనించకపోతే అర్ధరాత్రి ఆక్సిజన్ కోసం పరుగులు తీసే ప్రమాదంగా మారుతుంది.

లెక్కపెట్టే పద్ధతి ఇది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు, పడుకుని కనీసం పావుగంట అయ్యాక, కాస్త దూరంగా కూర్చుని డొక్కల వైపు చూడండి. డొక్క ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. లేవడం ఒకటి, దిగడం ఒకటి అని రెండుగా లెక్కించడం కొత్తవారు చేసే తప్పు, దాంతో ఇరవై నలభై అయిపోయి ఇల్లంతా హడలిపోతుంది. ముప్పై సెకన్లు లెక్కించి రెండుతో గుణించండి. కాళ్లు కదిలిస్తూ, మూలుగుతూ కలగంటున్నప్పుడు, నాలుక బయటపెట్టి రొప్పుతున్నప్పుడు, అప్పుడే నడిచి వచ్చినప్పుడు తీసిన లెక్క పనికిరాదు. బొచ్చు దట్టంగా ఉండి డొక్క కదలిక తెలియకపోతే, ఫోనులో అర నిమిషం వీడియో తీసి నింపాదిగా చూసుకోండి. డాక్టరుకు పంపించడానికి కూడా ఆ వీడియో పనికివస్తుంది.

జబ్బు అదుపులో ఉన్న కుక్క నిద్రలో సాధారణంగా నిమిషానికి ముప్పై కంటే తక్కువ సార్లు శ్వాసిస్తుంది. చాలా కుక్కల లెక్క ఇరవైకి అటూ ఇటూ ఉంటుంది. చికిత్స మొదలై పరిస్థితి కుదుటపడిన తరువాత ఒక వారం పాటు రోజుకు రెండుసార్లు రాసుకుంటే మీ కుక్క సొంత లెక్క తెలుస్తుంది. ఆ తరువాత రోజుకొకసారి చాలు. క్యాలెండరులో తేదీ గడిలో సంఖ్య రాయడం, పాలవాడి లెక్క రాసుకున్నట్టు, ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పని. యాప్‌లు కూడా ఉన్నాయి కానీ, గోడమీది కాగితం ఇంటిల్లిపాదికీ కనబడుతుంది.

ముప్పై దాటిన లెక్క వస్తే కంగారు పడకుండా అరగంట ఆగి మళ్లీ చూడండి. రెండోసారి కూడా దాటితే ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి, రేపటికి వాయిదా వేయకూడదు. ముప్పై లోపే ఉన్నా, ఎప్పుడూ పద్దెనిమిది ఉండే కుక్కకు వరుసగా రెండు మూడు రోజులు ఇరవై నాలుగు, ఇరవై ఆరు కనిపిస్తే అదీ చెప్పవలసిన విషయమే. నలభై దాటితే, లేదా సంఖ్య ఎంతైనా ఊపిరి కోసం పొట్ట ఎగరేస్తూ కష్టపడుతుంటే, ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి బయలుదేరాలి.

మూడో పని: మందుల క్రమం

గుండె వైఫల్యానికి సాధారణంగా మూడు నాలుగు మందులు కలిపి ఇస్తారు. ఫ్యూరోసెమైడ్, అంటే ఇళ్లలో నీరు తీసే మాత్ర అని పిలిచేది, ఊపిరితిత్తుల్లోని నీటిని మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. పిమోబెండాన్ గుండె కండరానికి బలమిచ్చి, రక్తనాళాలను వదులుచేస్తుంది. ఎనలాప్రిల్ లేదా బెనజెప్రిల్, స్పైరనోలాక్టోన్ అనేవి ఉప్పునూ నీటినీ శరీరంలో పట్టి ఉంచే హార్మోన్ల పనిని తగ్గిస్తాయి. ఏది, ఎంత, ఎన్నిసార్లు అనేది కుక్క బరువును, మూత్రపిండాల స్థితిని బట్టి డాక్టరు నిర్ణయించాలి. ఇంటివారి పని దానిని తు.చ. తప్పకుండా నడపడం.

పిమోబెండాన్ ఖాళీ కడుపుతో, తిండికి గంట ముందు ఇస్తే బాగా పనిచేస్తుంది. ఫ్యూరోసెమైడ్ వేసిన గంటకల్లా మూత్రం ఎక్కువగా రావడం మొదలై, దాదాపు ఆరు గంటల వరకు ఆ ప్రభావం ఉంటుంది. కాబట్టి ఉదయం ఆరు, సాయంత్రం ఆరు వంటి వేళలు పెట్టుకుని, మాత్ర తరువాత రెండు మూడు సార్లు బయటకు తీసుకువెళ్లే ఏర్పాటు ఉండాలి. అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఉండేవారు బాల్కనీలో ఒక మూలన పాత గుడ్డలు గాని పాత పేపర్లు గాని పరిచి, అక్కడే మూత్రం పోయడం అలవాటు చేస్తే, ముసలి కుక్కను మాటిమాటికీ మెట్లు ఎక్కించి దించే పని తప్పుతుంది. ఇల్లంతా శుభ్రంగా ఉంచుకున్న కుక్క ఇప్పుడు గదిలో మూత్రం పోస్తే అది మందు ప్రభావం, దాన్ని కోప్పడడం అన్యాయం.

కుక్కకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ చాలాసార్లు మనుషుల మెడికల్ షాపులో దొరికే నలభై మిల్లీగ్రాముల మాత్రే. అయిదు కిలోల కుక్కకు అందులో పావు ముక్క రాస్తే, పొరపాటున మొత్తం మాత్ర వేయడమంటే నాలుగు రెట్లు వేయడం. మాత్రలు కోసే చిన్న కట్టర్ కొని, వారానికి సరిపడా ముక్కలు ఒకేసారి కోసి, పూటకో గది ఉన్న డబ్బాలో సర్దుకోండి. షాపువారు ఫ్యూరోసెమైడ్‌కు బదులు స్పైరనోలాక్టోన్ కూడా కలిసిన మాత్ర ఇవ్వడం జరుగుతుంటుంది. కంపెనీ మారినా ఫరవాలేదు, కానీ మందు పేరూ మిల్లీగ్రాములూ చీటీతో అక్షరం అక్షరం సరిపోవాలి. పిమోబెండాన్ అన్ని ఊళ్లలో దొరకదు గనుక డబ్బాలో రెండు వారాల మాత్రలు మిగిలి ఉండగానే మళ్లీ తెప్పించుకోవడం మంచిది.

మందు వేసే బాధ్యత ఇంట్లో ఒకరిదే కావాలి. అమ్మ వేసిందనుకుని కొడుకు, కొడుకు వేశాడనుకుని అమ్మ మానేయడం ఎంత సహజమో, ఇద్దరూ వేయడం అంత సహజం. ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెట్టింపు వేయకండి. కుక్క చురుగ్గా కనిపిస్తోందని మాత్రలు తగ్గించడం, మానేయడం చేయకండి. అది చురుగ్గా ఉన్నది ఆ మాత్రల వల్లే.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, రోజంతా ఏమీ తినకపోయినా, తరువాతి ఫ్యూరోసెమైడ్ వేసేముందే డాక్టరుకు ఫోను చేయాలి. ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు అవే మోతాదులు కొనసాగిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

గుండె కుక్కకు చేయించకూడని వైద్యం

కుక్క నీరసంగా ఉందనగానే సెలైన్ పెట్టించండి అనడం మనకు అలవాటు, అడిగితే పెట్టేవారికీ కొదవలేదు. గుండె వైఫల్యం ఉన్న కుక్కకు రక్తనాళంలోకి వేగంగా సెలైన్ ఎక్కించడమంటే, ఏ నీటిని తీయడానికి రోజూ మాత్రలు వేస్తున్నామో ఆ నీటినే తిరిగి ఊపిరితిత్తుల్లోకి పంపడం. నిజంగా అవసరమైన సందర్భాలు ఉండవచ్చు కానీ, అప్పుడు కూడా గుండె జబ్బు సంగతి తెలిసిన డాక్టరు, కొద్దికొద్దిగా, శ్వాసను గమనిస్తూ ఇవ్వాలి. కొత్త ఆసుపత్రికి వెళ్లినా, రాత్రి డ్యూటీలో తెలియని డాక్టరు ఉన్నా, గుమ్మంలో చెప్పవలసిన మొదటి మాట కుక్కకు గుండె వైఫల్యం ఉందనే.

దురదకు వేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు కూడా ఇటువంటివే. అవి శరీరంలో నీటిని నిలబెట్టి, కుదురుగా ఉన్న కుక్కను కూడా ఆయాసంలోకి నెట్టవచ్చు. ముసలి కుక్కకు కీళ్ల నొప్పులూ ఉంటాయి గనుక నొప్పి మాత్రల ప్రస్తావన తప్పక వస్తుంది. మెలాక్సికామ్ వంటివి నీరు తీసే మాత్రలతో, ఎనలాప్రిల్‌తో కలిస్తే మూత్రపిండాల మీద భారం పడుతుంది, అందుకని గుండెకు చూసే డాక్టరు ఒప్పుకుంటే తప్ప వేయకూడదు. ఇంట్లో మనుషులు వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, పారాసిటమాల్ అసలే వద్దు. మనుషుల దగ్గు సిరప్పులలో గుండె వేగాన్ని, రక్తపోటును పెంచే మందులు కలిసి ఉండవచ్చు కనుక వాటి జోలికీ పోకూడదు.

నాలుగో పని: తిండి, ఉప్పు, నీళ్లు

ఉప్పులోని సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. మన వంటింట్లో కుక్కకు ఉప్పు ఎక్కడెక్కడ నుంచి చేరుతుందో ఒకసారి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పప్పుచారు కలిపిన అన్నం, ఉప్పు వేసిన మజ్జిగ, అప్పడం ముక్క, మిక్చరు, చిప్స్, చీజ్, బ్రెడ్డు, బిర్యానీలోని మాంసం ముక్క, అన్నిటినీ మించి ఎండు చేపలు. తినే సోడా వేసిన ఇడ్లీలు, బేకరీ బిస్కెట్లలో కూడా సోడియం ఉంటుంది, నాలుకకు ఉప్పగా తగలకపోయినా. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూరలు గుండె జబ్బుతో సంబంధం లేకుండానే కుక్కల రక్తకణాలను నాశనం చేస్తాయి. పాయసంలోని, చక్కెర పొంగలిలోని కిస్‌మిస్ మూత్రపిండాలకు విషం. ఉప్పు తక్కువని మార్కెట్లో అమ్మే లో సోడియం ఉప్పు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. అందులో సోడియానికి బదులు పొటాషియం ఉంటుంది, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడే కుక్కకు అదీ ప్రమాదమే. నీరసానికి కొబ్బరి నీళ్లు పట్టడం, విరేచనాలకు ఓఆర్ఎస్ పట్టడం కూడా డాక్టరును అడగకుండా చేయకూడనివి. మొదటిదానిలో పొటాషియం, రెండోదానిలో సోడియం దండిగా ఉంటాయి.

మరి ఏం పెట్టాలి? ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, అన్నం, గుమ్మడి, క్యారెట్, ఉప్పు కలపని పెరుగన్నం బాగానే పనికివస్తాయి. అయితే అన్నం, చికెన్ మాత్రమే నెలల తరబడి పెడితే కాల్షియం వంటివి లోపిస్తాయి, ఏమేం చేర్చాలో డాక్టరుతో మాట్లాడుకోండి. గుండె జబ్బుల కోసం తయారైన కార్డియాక్ డైట్‌లు దొరికితే, కుక్క ఇష్టపడితే, వారం పది రోజులలో కొద్దికొద్దిగా పాతదానికి కలుపుతూ మార్చండి. ధాన్యం లేని డాగ్ ఫుడ్‌లు గొప్పవన్న ప్రచారాన్ని నమ్మి ఖర్చు పెట్టకండి. కొన్ని కుక్కలలో గుండె కండరం బలహీనపడడానికీ అటువంటి ఆహారానికీ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

నాకు తోచినంతలో, ఉప్పు విషయంలో మరీ పట్టుదలకు పోయి కుక్కను పస్తు పెట్టేవారు చేసే నష్టం తక్కువది కాదు. గుండె వైఫల్యం ముదిరేకొద్దీ కండ కరిగిపోతుంది. వెన్ను మీద, భుజాల మీద చేయి వేస్తే ఎముకలు తగులుతాయి. కండ తరిగిన కుక్కలు ఎక్కువ కాలం నిలబడవు. కాబట్టి మాంసకృత్తులు తగ్గించవద్దు, మూత్రపిండాలు బాగా చెడితే తప్ప. కుక్క ఏమీ ముట్టకపోతే, కొద్దిపాటి ఉప్పున్న ఇష్టమైన ముక్కతో అయినా తినిపించడమే మేలు. ఆహారం కొంచెం గోరువెచ్చగా చేసి, రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెడితే తినే అవకాశం ఎక్కువ.

చేపనూనెలోని ఒమేగా 3 కొవ్వులు ఆకలికీ కండకూ కొంత తోడ్పడతాయి. వాటిలో ముఖ్యమైన రెండు రకాల పేర్లు ఈపీఏ, డీహెచ్ఏ. కుక్క బరువు కిలోకు ఈపీఏ 40 మిల్లీగ్రాములు, డీహెచ్ఏ 25 మిల్లీగ్రాములు అనేది తరచూ సూచించే మోతాదు. అంటే 180 మిల్లీగ్రాముల ఈపీఏ, 120 మిల్లీగ్రాముల డీహెచ్ఏ ఉన్న మామూలు క్యాప్సూలు ఒకటి అయిదు కిలోల కుక్కకు దాదాపు సరిపోతుంది. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం వేరు, అందులో ఏ, డీ విటమిన్లు మితిమీరతాయి కనుక వాడకూడదు.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మూత్రం ఎక్కువ పోస్తోందని నీటి గిన్నె తీసేయడం చాలా ప్రమాదం. తాగిన నీళ్ల వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరదు. నీరు తీసే మాత్ర వేసి, నీళ్లు ఇవ్వకపోతే మూత్రపిండాలు ఎండిపోతాయి.

అయిదో పని: నడక, ఎండ, చప్పుళ్లు

ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రెండు వారాలు మూత్రానికి తప్ప నడిపించకండి. తరువాత కుక్క ఎంత దూరం నడుస్తానంటే అంతే, అది ఆగిన చోట మీరూ ఆగాలి. మెడపట్టీ గొంతును నొక్కి దగ్గు పుట్టిస్తుంది, అందుకని ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. మంచాలు, సోఫాలు ఎక్కి దూకే కుక్కకు పక్కన ఒక పీట వేస్తే చాలు.

మన వేసవి గుండె కుక్కకు పెద్ద పరీక్ష. రెంటచింతలలో, రామగుండంలో, కొత్తగూడెంలో మే నెల ఎండ సంగతి చెప్పనక్కరలేదు. కుక్కకు చల్లబడే మార్గం ప్రధానంగా రొప్పడమే, రొప్పడమంటే ఊపిరితిత్తులకూ గుండెకూ అదనపు పని. ఉదయం ఆరు లోపు, రాత్రి నేల చల్లారాక మాత్రమే బయటకు తీసుకువెళ్లాలి. రోడ్డు మీద మీ చేతి వెనుక భాగాన్ని అయిదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను దించకూడదు. విశాఖ, కాకినాడ వైపు వేడికన్నా ఉక్క కష్టం. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా ఒళ్లు చల్లబడదు. అక్కడ నీళ్ల కూలరు తేమను ఇంకా పెంచుతుంది గనుక ఏసీ లేదా మంచి ఫ్యాను గాలి మేలు. వేడి గాలి డ్రయ్యరు పెట్టే గ్రూమింగ్ సెంటర్లకు పంపకుండా ఇంట్లోనే బొచ్చు దువ్వి, అవసరమైతే కొద్దిగా కత్తిరించండి.

దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం డీజేలు కుక్క గుండె వేగాన్ని పరుగెత్తిస్తాయి. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ శబ్దంలో ఎవరో ఒకరు తోడుగా కూర్చోవడం బాగా పనిచేస్తుంది. మందు అవసరమైన కుక్కలకు పండగకు రెండు వారాల ముందే డాక్టరును అడగాలి, మనుషుల నిద్రమాత్రలు ఇవ్వకూడదు. సంక్రాంతికి ఊరు వెళ్లేటప్పుడు మందులు నాలుగు రోజులకు అదనంగా సర్దుకుని, ఎక్స్‌రే, ఎకో, మందుల చీటీ ఫోటోలు ఫోనులో పెట్టుకోండి. చుట్టాలందరికీ, పిల్లలకు ముఖ్యంగా, కుక్కకు ఏమీ పెట్టవద్దని ముందే చెప్పాలి. పెద్దవాళ్లకు ఈ మాట చెప్పడం ఇంకా కష్టం, అయినా చెప్పాలి.

వారానికొకసారి బరువు చూడండి. కుక్కను ఎత్తుకుని మనుషుల తూకం మీద నిలబడి, మీ బరువు తీసివేస్తే సరి. రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా పెరిగితే, పొట్ట డోలులా ఉబ్బితే నీరు చేరుతోందని, నెలల మీద మెల్లగా తగ్గితే కండ కరుగుతోందని అర్థం.

ఆయాసం ముంచుకొచ్చినప్పుడు

రాత్రి పడుకోలేక గది గదికీ తిరగడం, మోచేతులు బయటకు పెట్టి మెడ చాచి కూర్చోవడం, డొక్కలు ఎగరేయడం, చిగుళ్లు నీలంగా గాని బూడిద రంగులో గాని మారడం, నోటి నుంచి గులాబీ రంగు నురగ రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది అత్యవసరం. అప్పటికప్పుడు ఆసుపత్రి వెతుక్కునే సమయం ఉండదు. మీ ఊళ్లో ఏ ఆసుపత్రి రాత్రంతా తెరిచి ఉంటుంది, అక్కడ ఆక్సిజన్ ఉందా, ఇంటి నుంచి ఎంతసేపు పడుతుంది అనేవి కుక్క బాగున్నప్పుడే తెలుసుకుని ఫ్రిజ్ మీద రాసి అంటించాలి. 1962 నంబరుతో వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం ఏర్పడినవి, ఊపిరాడని కుక్కకు వాటి మీద ఆధారపడి ఎదురుచూడకండి.

ఆయాసపడే కుక్కను పక్కకు పడుకోబెట్టవద్దు, వెల్లకిలా తిప్పవద్దు. అది ఎలా కూర్చోవాలనుకుంటే అలా ఉండనివ్వండి. ఫ్యాను లేదా ఏసీ వేసి, చుట్టూ గుమిగూడినవారిని పంపించి, నోట్లో నీళ్లు పోయకుండా, ఏమీ తినిపించకుండా, ఛాతీ నొక్కుకోని విధంగా ఎత్తుకుని బయలుదేరాలి. ఇటువంటి సమయంలో అదనంగా ఒక ఫ్యూరోసెమైడ్ మోతాదు వేయవచ్చో లేదో, ఎంత వేయాలో డాక్టరు దగ్గర ముందే రాయించుకుని ఉంచుకోండి. 2021 కోవిడ్ సమయంలో కొన్న ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ ఇంట్లో ఉంటే, దారి చూసుకునే లోపు గొట్టాన్ని ముక్కుకు దగ్గరగా పట్టవచ్చు, దానికి కుక్క గింజుకుంటే ఆపేయాలి. దగ్గరలో దీపం, అగరుబత్తి ఉండకూడదు.

కొన్ని కుక్కలు ఉత్సాహంగా లేచి వచ్చో, గట్టిగా దగ్గో ఒక్కసారిగా సొమ్మసిల్లి పడిపోతాయి. ఒళ్లు మెత్తగా అయి, నిమిషం లోపే లేచి మామూలుగా తిరిగితే చాలావరకు అది గుండెకు సంబంధించిన సొమ్మ, మూర్ఛ కాదు. తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో వేలు పెట్టకుండా వీడియో తీసి అదే రోజు డాక్టరుకు చూపండి, గుండె లయ తప్పిందేమో ఈసీజీ తీయవలసి రావచ్చు.

తిరిగి చూపించుకోవడం, చివరి దశ

మందులు మొదలుపెట్టిన లేదా మోతాదు మార్చిన వారం పది రోజులకు మూత్రపిండాల పరీక్ష, పొటాషియం చూడాలి. కుదురుగా ఉంటే మూడు నుంచి ఆరు నెలలకొకసారి సరిపోతుంది. శ్వాసల లెక్క రాసిన కాగితం ప్రతిసారీ తీసుకువెళ్లండి. ఎంత ప్రశ్నించినా బాగానే ఉందండీ అని చెప్పే ఇంటివారి మాటకన్నా ఆ అంకెలు డాక్టరుకు ఎక్కువ చెబుతాయి.

ఎంతకాలం బతుకుతుందన్న ప్రశ్నకు ఒక్క కుక్క గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేరు. 2008లో వచ్చిన క్వెస్ట్ అధ్యయనంలో, గుండె వైఫల్యం వచ్చాక, గుండె జబ్బుతో పోయేవరకో చికిత్స విఫలమయ్యేవరకో గడిచిన మధ్యస్థ కాలం, అంటే సగం కుక్కలు దాటిన కాలం, పిమోబెండాన్ వాడినవాటిలో 267 రోజులు, బెనజెప్రిల్ వాడినవాటిలో 140 రోజులు. రెండేళ్లు హాయిగా గడిపిన కుక్కలూ ఉంటాయి, మొదటి వారంలోనే పోయినవీ ఉంటాయి. మోతాదులు పెంచినా, టోర్సెమైడ్ వంటి బలమైన మందులకు మార్చినా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, పొట్టలోని నీటిని సూదితో తీయవలసి వస్తుంటే, అది ఆఖరి దశ.

ఆ దశలో ఏం చేయాలో ఇంట్లో ముందుగానే మాట్లాడుకోవడం అవసరం. కుక్క పడుకుని నిద్రపోగలుగుతోందా, ఇష్టమైన తిండిని వాసన చూసి వదిలేస్తోందా, మీరు వస్తే తోక ఊపుతోందా, మంచి రోజులకన్నా చెడ్డ రోజులు ఎక్కువయ్యాయా అని వారానికొకసారి నిజాయితీగా చూసుకోండి. ఊపిరాడక పోవడం చాలా బాధాకరమైన మరణం. ఇంజెక్షనుతో నొప్పి లేకుండా పంపించడం పాపమని మన ఇళ్లలో వెనకాడేవారు చాలామంది. ఆ నిర్ణయం మీదే కానీ, దానిని అర్ధరాత్రి ఆసుపత్రి బల్ల దగ్గర కాకుండా, డాక్టరు ఇంటికి వచ్చి చేయగలరా, ఎక్కడ పూడ్చాలి లేక దహనం చేయాలి అనే వివరాలతో సహా కుక్క ప్రశాంతంగా ఉన్న రోజునే ఆలోచించి ఉంచుకుంటే, చివరి గంటలో గాభరా ఉండదు.

మిగిలిపోయిన మాత్రలను ఇంట్లోని మరో కుక్కకు, పొరుగువారి కుక్కకు ఇవ్వకండి. దగ్గు ఒకేలా వినిపించినా జబ్బు ఒకటి కాకపోవచ్చు. గడువు తీరని, తెరవని పిమోబెండాన్ డబ్బాలను మీ డాక్టరుకు అప్పగిస్తే, ఆ ఖర్చు భరించలేని మరో ఇంటి కుక్కకు ఆయన చూసి వాడగలరేమో అడగండి. విప్పిన మాత్రలను ఎవరికీ అందకుండా పారవేయండి.